ఎడ్లు తినే తీగ కోసం బోధన్ బండ్ల బాటలో

బోధన్ వెళ్లొచ్చానంటే మా కాకినాడ వాళ్లు ముందుగా చక్కెర ఫ్యాక్టరీ సంగతి అడుగుతారు. దాన్ని రోడ్డు మీద నుంచే చూశాను, మూతపడి చాలా ఏళ్లయింది. నేను వెళ్లింది ఒక తీగ కోసమని చెప్పగానే సగం మంది మాట మార్చేస్తారు. మిగతా సగం మంది అది షుగర్‌కు పనిచేస్తుందా అంటారు. నాకు తెలిసి పనిచేయదు. అయినా దానికోసం వరసగా మూడు చలికాలాలు వెళ్లాను. మొదటి రెండుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చాను కాబట్టి చెప్పడానికేమీ లేదు. ఇది మూడోసారి సంగతి.

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పాఠాలతో పాటు, ఎండబెట్టి అట్టల మీద అంటించిన మొక్కల బీరువాల తాళాలు కూడా నా కొంగుకే ఉంటాయి. వచ్చే జూన్‌లో రిటైరవుతాను. ఆ బీరువాల్లో ఒక అట్ట మీద, నాకు పాఠం చెప్పిన మాస్టారు తన చేత్తో అంటించిన అడవి కంది తీగ ఉంది. మనం పప్పు వండుకునే కందికి ఇది దగ్గరి చుట్టం. నేల మీద పాకుతూ గడ్డిని పట్టుకుని అల్లుకుంటుంది. మూడేసి ఆకులు, చిటికెన వేలి గోరంత పసుపు పువ్వు, ఒళ్లంతా నూగున్న చిన్న కాయ. కంది చేలను గుల్ల చేసే కాయతొలుచు పురుగు ఆ నూగు వల్లే దీని జోలికి పెద్దగా రాదు.

జాతి మొత్తంగా చూస్తే దీనికి ముప్పేమీ లేదు. గుట్టల మీద, గులకరాళ్ల నేలల్లో చాలాచోట్ల ఉంది. కానీ మాస్టారి అట్ట కింద ఆయన రాసుకున్న మాటలు వేరు. నల్లరేగడి, వానాకాలమంతా నీళ్లు నిలిచే గడ్డ, బోధన్ నుంచి రెంజల్ వైపు ఏడో మైలు, చెరకు బండ్లు ఆగే చోటు అని రాశారు. మామూలు కంది మొక్క కాళ్ల కింద నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే చచ్చిపోతుంది. దాని చుట్టం ఒకటి వానాకాలమంతా నీళ్లలో నిలబడి బతికిందంటే, కొత్త కంది రకాలు తయారుచేసే వాళ్లకు ఆ గింజ బంగారం. విత్తనాలు భద్రపరిచే ఒక ఆఫీసు వాళ్లు, ఆ తీగ ఇంకా ఉందేమో చూసి గింజలు పంపమని నాకు ఉత్తరం రాశారు. రెండేళ్లు దొరకలేదు. ఈసారి కూడా దొరకకపోతే ఆ చోట అంతరించిపోయినట్టు రాసి కాగితం మూసేస్తామన్నారు.

రాయవలసింది నేనే. మాస్టారు పోయి చాలాకాలమైంది. ఆయన రాసిన దాని కింద నా చేత్తో 'లేదు' అని రాయడానికి నాకు మనసొప్పలేదు. నేను మొండిదాన్ని. మా ఇంట్లో ఈ మాటను పొగడ్తగా ఎవరూ వాడరు.

ఇందల్వాయి

డిసెంబరు మొదట్లో హైదరాబాద్ నుంచి నిజామాబాద్ వెళుతూ ఇందల్వాయి దగ్గర బస్సు దిగిపోయాను. గుట్టల రకాన్ని ఒకసారి కళ్లారా చూసుకుంటే, నల్లరేగడి రకం ఎదురైతే గుర్తుపట్టడం సులువని. రోడ్డుకు కొంచెం పైన ఎర్రమట్టిలో, రాళ్ల సందుల్లో తేలిగ్గానే దొరికింది. మధ్యాహ్నపు ఎండ. ఎండిన కాయనొకదాన్ని వేళ్ల మధ్య పట్టుకున్నానో లేదో టప్పున విచ్చుకుని, గింజ ఎటో ఎగిరిపోయింది. గుర్తుపెట్టుకోవలసిన సంగతే. పెట్టుకోలేదు.

గింజ కోసం నేలంతా వెతుకుతుంటే రోడ్డు పక్కన ఉడికించిన వేరుశెనక్కాయలు అమ్ముకునే ఆవిడ పైకొచ్చి, చెవి కమ్మ పోయిందా అని అడిగింది. నేను నోరు తెరిచే లోపే కొంగు బిగించి తనూ వెతకడం మొదలుపెట్టింది. సంగతి చెప్పాక చాలాసేపు నవ్వింది. అక్కడ వేరుశెనగ అంటే పల్లి. ఇరవై రూపాయల పల్లికాయకు పైన ఇంకో గుప్పెడు వేసి, కమ్మ పోనందుకు అంది. మా వైపు బేరం ఆడితే గానీ కొసరు రాదు. ఇక్కడ జాలి పడితే చాలు.

నిజామాబాద్

పెద్దవాళ్లు ఇప్పటికీ దీన్ని ఇందూరు అంటారు. పసుపు మార్కెట్‌కు కొత్త సరుకు రావడానికి ఇంకా రెండు నెలలుంది. అయినా ఆ వీధిలో గోనె సంచుల నిండా పసుపు వాసనే. లాడ్జిలో దుప్పటి కూడా ఆ వాసనే వేసిందని చెబితే అతిశయోక్తి అనుకుంటారు, కాదు.

సాయంత్రం విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. పల్లెల నుంచి రైతులు వచ్చేది అక్కడికే, ఎవరైనా ఈ తీగను చూసి ఉంటారని నా ఆశ. దుకాణదారు నెమ్మదస్తుడు. ఫోన్‌లో నా ఫొటోను పెద్దది చేసి, ఆకు చూసి, కాయ చూసి, తెలిసినట్టు తల ఊపాడు. ఆయన లోపలికి వెళ్లి ఒక నీలం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"దీనికి గిదే మందు మేడం. పదిహేను దినాల్ల ఏర్లతోని పోతది."

నాకు అది చావడం కాదు, బతకడం కావాలని చెప్పాను. ఆయన డబ్బా వైపు, నా వైపు రెండు మూడుసార్లు చూశాడు. గడ్డి బతకడానికి మందు అడిగిన వాళ్లు ఇప్పటిదాకా రాలేదన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, తర్వాత చాయ్ తెప్పించి కూర్చోబెట్టాడు. వెనకట చెరకు చేల మధ్య గట్లు ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పుండేవట. చెరకు తగ్గి వరి, సోయా, మొక్కజొన్న పెరిగాక ట్రాక్టర్లు ఏటా గట్టును ఇంత గీరుకుంటూ వచ్చాయట. మిగిలిన సన్నటి గట్టు మీద మందు కొడతారు. గట్ల మీద పెరిగేవి ఇక ఎక్కడ ఉంటాయని నన్నే ఎదురడిగాడు. రెండేళ్లు నాకు ఎందుకు దొరకలేదో ఆ చాయ్ తాగుతున్నంత సేపట్లో తెలిసింది. తెలిసినందుకు సంతోషం కలగలేదు.

రాత్రి జొన్నరొట్టెలు, వంకాయ కూర, పచ్చిపులుసు తిన్నాను. డెబ్బై రూపాయలు. మా ఊళ్లో జొన్నరొట్టె డాక్టరు చెబితే తింటారు. ఇక్కడ పక్క బల్ల దగ్గర ఒకాయన నాలుగు రొట్టెలు తిని ఐదోదానికి ప్రేమగా కేకేశాడు. చివర్లో పెరుగన్నం అడిగితే హోటలాయన నన్ను చూసి, ఆంధ్రా నుంచా అన్నాడు. మనం ఎక్కడ దొరికిపోతామో మనకే తెలియదు.

బోధన్

మర్నాడు పొద్దున బోధన్ బస్టాండులో గంగారాం అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. యాభై దాటిన మనిషి, మెడకు మఫ్లరు, నోట్లో ఎప్పుడూ వక్క. రోజంతా తిరగాలన్నాను. ఎక్కడికన్నాడు. రెంజల్ దారిలో ఏడో మైలుకన్నాను. మైళ్లు లెక్కపెట్టే మనిషి ఎదురై చాలాకాలమైందని నవ్వాడు.

కూరగాయల బజారు దాటేసరికి సగం మాటలు మరాఠీలో వినిపించాయి. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరే. చాయ్ బండి దగ్గర ఆగినప్పుడు నా రెండేళ్ల కష్టం అతనికి చెప్పాను. ఆ రెండుసార్లూ బస్టాండు దగ్గర మొదలుపెట్టి, అద్దె స్కూటరు మీటరు చూసుకుంటూ రెంజల్ రోడ్డు మీద ఏడు మైళ్లకు సరిపడా కిలోమీటర్లు కొలిచాను. అక్కడ రోడ్డుకు రెండు పక్కలా మోకాళ్ల మీద పాకినంత పనిచేశాను. గడ్డి, ప్లాస్టిక్, ఇంకా గడ్డి. గంగారాం గ్లాసు కింద పెట్టేశాడు.

"అప్పట్ల చెరుకు బండ్లు డాంబరు రోడ్డు మీద పోతుండెనా మేడం? ఎడ్ల నాడాలు జారవా? బండ్ల బాట అలగ్ ఉండె. మైళ్లు గుడ బస్టాండు కాడికెల్లి కాదు, ఫ్యాక్టరీ కాంటా కాడికెల్లి లెక్కవెడుతుండె."

అప్పుడు గానీ నాకు తట్టలేదు. మాస్టారి అన్నగారు ఆ రోజుల్లో బోధన్ పక్కన, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ వాళ్ల క్యాంపులో చెరకు వేసేవారు. మాస్టారు సెలవులకు అక్కడికే వచ్చేవారు. ఆయన ఆ తీగను చూసింది బస్సు కిటికీలోంచి కాదు, అన్నగారి చెరకు బండి మీద కూర్చుని. అట్ట మీద 'బండ్లు ఆగే చోటు' అని స్పష్టంగా రాసిపెట్టారు. ముప్పై ఏళ్లుగా ఆ అక్షరాలు చూస్తున్నాను. చూస్తూనే డాంబరు రోడ్డు కొలిచాను. నా మీద నాకు వచ్చిన కోపం చెప్పనలవి కాదు.

గంగారాం తన తండ్రితో ఆ బాటలో తిరిగినవాడే. తూకం వేసే కాంటా దగ్గర వరస కదలకపోతే బండ్లు దారి పొడుగునా ఆగిపోయేవట. ఒక్కోసారి రెండు రోజులు. అప్పుడు ఎడ్లను విప్పి, ఒక పల్లపు గడ్డలో పాతిన రాయికి కట్టేవాళ్లు. అక్కడ పచ్చిక దండిగా ఉండేది. తీగ పేరు అతనికి తెలియదు, ఎడ్లు తినే తీగ అన్నాడు. ఫొటో చూపిస్తే మఫ్లరు తీసి మళ్లీ చుట్టుకుని, ఇదే అన్నాడు.

బండ్ల బాట

బాట అనేది ఇప్పుడు లేదు. అక్కడక్కడ ముక్కలున్నాయి. గంగారాం ఆటోను కాలువ గట్టు మీద వదిలేసి, ఇది బాట, ఇది వాళ్లు దున్నారు, ఇక్కడ మళ్లీ బాట అని చెబుతూ ముందు నడిచాడు. ఒక పక్క పసుపు చేలు, ఇంకో పక్క కొత్తగా దున్నిన రేగడి. ఈ ఏడు వానలు ఆలస్యంగా ఆగాయి, పల్లాల్లో నేల ఇంకా తడిగానే ఉంది. ఒకచోట నా కుడికాలి చెప్పు మట్టిలో దిగి ఉండిపోయింది. గోదావరి జిల్లా ఒండ్రులో పెరిగినదాన్ని, బురద నాకు కొత్తా అనుకుని చెయ్యి పెట్టి లాగాను. చెప్పు రాలేదు, దాని పట్టీ వచ్చింది. మిగతా దారి ఒంటి చెప్పుతో నడవలేక రెండో దాన్ని చేత పట్టుకున్నాను.

రెండు పొలాల మధ్య పది అడుగుల వెడల్పున ఒక పచ్చిక ముక్క మిగిలి ఉంది. దాని నడుమ నడుం ఎత్తు రాయి, ఎడ్లను కట్టిన తలుగు తాళ్ల రాపిడికి నున్నగా అరిగింది. రాయి చుట్టూ గడ్డి మీద, గడ్డి కింద, గడ్డిలోపల ఆ తీగ. పసుపు పూలు కొన్ని ఇంకా ఉన్నాయి. రాయి పక్కన కూర్చున్నాను. వేళ్లతో మట్టి తవ్వి చూశాను, నల్లగా, చల్లగా, ముద్దగా ఉంది. ఏడ్చానని గంగారాం తర్వాత అందరికీ చెప్పాడు. నిజమే, ఏడ్చాను.

ఏడుపు తగ్గాక కాయలు చూశాను. సగం పచ్చివి. పండినవన్నీ అప్పటికే విచ్చుకుని, ఖాళీ తొక్కలు మెలితిరిగి ఉన్నాయి. విచ్చుకోనివి రెండు మూడు దొరికితే ముట్టుకోగానే ఎగిరిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది ఇందల్వాయి గుట్ట.

"ఎండపూట ముడితె గట్లనే ఎగురుతది బిడ్డా. మంచు మీద తెంపాలె."

వెనక్కి తిరిగి చూస్తే ఒక ముసలావిడ. డెబ్బై దాటిన మనిషి, బక్కగా, చేతిలో కొడవలి. ఈ పొలం వాళ్లదే. పేరు లింగవ్వ. ఆమె భర్త చెరకు బండి తోలేవాడు. ఆయన బతికినన్నాళ్లూ ఈ ముక్క మీద నాగలి పెట్టనివ్వలేదు, ఆయన పోయి, ఎడ్లు అమ్మేసి, బండి చెక్కలు పొయ్యిలోకి పోయినా ఆమె కూడా పెట్టనివ్వలేదు. ఎందుకు అంటే ఆమె దగ్గర కారణమేమీ లేదు. ఆయన వద్దన్నాడు, అంతే. ఇప్పుడు కొడుకు మాట వింటోంది. రేపు పొద్దున ట్రాక్టరు వస్తోంది. శనగ వేయడానికి ఇప్పటికే ఆలస్యమైంది, ఈ ముక్కను కూడా కలిపి దున్నేస్తారు.

ఆ చివరి మాట ఆమె కొడవలితో గడ్డి కోస్తూ మామూలుగా చెప్పింది.

లింగవ్వ ఇంట్లో

గంగారాం మర్నాడు వస్తానని వెళ్లిపోయాడు. నేను ఆ రోజు లింగవ్వ ఇంట్లోనే ఉండిపోయాను. ఉండమని నన్నెవరూ బతిమాలలేదు, పొమ్మని కూడా అనలేదు. లింగవ్వ ఒక కంచంలో ఉడికించిన అనపగింజలు పెట్టింది, ఉల్లిపాయ ముక్కలు, కారం కలిపి. వాటిని గుడాలంటారు. మా వైపు అనప అంటే కూరలో ఒక దినుసు. ఇక్కడ అదే భోజనం, అదే కబుర్లకు తోడు. నా ఒంటి చెప్పు చూసి ఆమె తన చెప్పుల జత ఇచ్చింది. నా కాళ్లకు రెండు వేళ్ల మేర పొట్టివి. ఇంటికొచ్చేదాకా అవే వేసుకున్నాను.

కొడుకు హన్మాండ్లు పొద్దుగూకే ముందు పొలం నుంచి వచ్చాడు. నలభై ఐదేళ్ల మనిషి, మాటలో తొందర లేదు. నా కథంతా విన్నాడు. తన కథ కూడా చెప్పాడు. ఆ పచ్చిక ముక్కను ఆనుకునే ఈ ఏడు కంది వేశాడు. వానలకు నీళ్లు నిలిచి కంది మొత్తం చచ్చిపోయింది. కాండాలు పీకి పొయ్యికింద పెట్టుకున్నారు. అదే నీళ్లలో, ఇరవై అడుగుల అవతల, ఈ తీగ పూసి కాసింది. దానికోసమే కదా నేనొచ్చిందని ఆవేశంగా అన్నాను. ఆయనకు కోపం రాలేదు.

"గందుకే తీస్కపోండ్రి మేడం. మంచి కంది తయారుచేసి తీస్కరాండ్రి. గప్పటిదాంక నేనేం తినాలె? అటు పక్కోడు బాట దున్నిండు, ఇటు పక్కోడు దున్నిండు. నడుమ నాదొక్కటి ఎవలికోసం ఉండాలె?"

ఇక్కడ నేనొక తప్పు చేశాను. నా వృత్తిలో ఉన్నవాళ్లే చేయగల తప్పు. ఆయన్ను ఒప్పించాలన్న ఆత్రంలో, గింజలు దొరికితే చాలు, ఆఫీసు వాళ్లు చల్లటి గదిలో పెడతారు, అక్కడ ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి, ఇక ఈ తీగకు ఏ భయమూ లేదని గడగడా చెప్పేశాను. ఈ మాటలు నేను విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, నోటికి అలా వచ్చేశాయి. హన్మాండ్లు ముఖం తేటపడింది.

"గట్లయితె మంచిదే. పొద్దుగాల మీరు గింజలు తెంపుకోండ్రి. తెంపినంక ట్రాక్టర్ దింపుత."

నాకు అప్పుడు వెలిగింది. గింజలు భద్రమైతే ఇక నేలతో పనేమిటి? ఆయన అడగకుండానే ఆయనకు జవాబు నేనే ఇచ్చాను. మాట వెనక్కి తీసుకోబోయాను. డబ్బాలో నిద్రపోయే గింజ వానను చూడదని, నీళ్లలో బతకడం ఏటికేడు నేర్చుకునేది ఈ నేలలోనేనని ఏదేదో చెప్పాను. ఆయన ఓపికగా విని, ఏ భయమూ లేదని మీరే కదా ఇప్పుడు చెప్పారన్నాడు. లింగవ్వ ఇదంతా వింటూ అనపకాయలు ఒలుస్తూ కూర్చుంది. ఆమె నా పక్షాన మాట్లాడుతుందనుకున్నాను. మాట్లాడనందుకు ఆ పూట ఆమె మీద కొంచెం అలిగాను కూడా.

మంచు ఉండగానే

తెల్లవారక ముందే లింగవ్వ లేపింది. చలికి పళ్లు టకటకమంటున్నాయి. పచ్చిక మీద మంచు ఎంత పట్టిందంటే చీర కుచ్చిళ్లు పిండుకోవలసి వచ్చింది. తడిసిన కాయలు మెత్తగా, బుద్ధిగా ఉన్నాయి. ముట్టుకుంటే ఎగరడం లేదు. లింగవ్వ ఎడమ చేత్తో గడ్డి పక్కకు నెట్టి, కుడిచేతి రెండు వేళ్లతో కాయ తుంచి ఒడిలో వేసుకుంటోంది. నేను ఒకటి తెంపేలోగా ఆమె నాలుగు. నేను పండింది అనుకున్న కాయను చూసి తల అడ్డంగా ఊపేది. రంగు చూసి కాదు, తొడిమ చూసి తెంపాలని సైగ చేసి చూపించింది.

వెలుగు వచ్చేసరికి ఆమె ఒడిలోవి, నా సంచిలోవి కలిపి ఒక పాత ధోవతి గుడ్డ మీద పోశాం. ఇంత పరిమాణం కంటే తక్కువైతే తీసుకోవడం కుదరదని ఆఫీసు వాళ్లు ముందే చెప్పారు. కళ్లతో చూసి అంచనా కట్టాను. సరిగ్గా సరిపోయేలా ఉంది. అమ్మయ్య అనుకున్నాను. దూరంగా ట్రాక్టరు చప్పుడు వినిపించింది.

లింగవ్వ గుడ్డ మీది కాయలను అరచేత్తో రెండు కుప్పలు చేసింది.

"సగం నాకియ్యి బిడ్డా."

ఎందుకని అడిగాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, నేను ఎప్పటికీ మరచిపోలేని మాట అంది.

"ఈ తీగను మా ఆయన ఎడ్లు వెట్టినయి. ఎవలన్న ఇత్తనం ఏసిండ్రా? తిన్నయి, బాట పొంటి పెండ ఏసినయి, మొల్సింది. ఇప్పుడు ఎడ్లు లేవు, బర్రె ఉన్నది. నీ చల్లటి డబ్బాల గింజ పండుకుంటది గని మొలవది గద."

నేను కాయల వైపు చూశాను. సగం ఇస్తే నా పొట్లం తక్కువవుతుంది. ఆఫీసు వాళ్లు దాన్ని తిప్పి పంపేస్తే మూడేళ్ల కష్టం, మాస్టారి అట్ట, అన్నీ అక్కడికే. ఇంత చదువు చదివి, ఇంతమందికి విత్తనాన్ని కాపాడమని పాఠం చెప్పి, చివరికి దొరికిన దాంట్లో సగం బర్రె నోట్లో పోయాలా అని ఒక క్షణం అనిపించింది. కానీ ఆమె చెప్పిన దాంట్లో తప్పెక్కడా కనిపించలేదు. ఆ గింజకు పెంకు గట్టిది. కాలేజీలో మేం దాన్ని మొలిపించాలంటే గరుకు కాగితంతో రుద్దుతాం. బర్రె కడుపు ఆ పని చేస్తుంది. నిన్న ఆమె కొడుకుతో ఎందుకు వాదించలేదో కూడా అర్థమైంది. వాదనలో గెలిచినా వచ్చే ఏడు మళ్లీ ట్రాక్టరు వస్తుంది. సగం కుప్పను నేనే ఆమె ఒడిలో పోశాను.

హన్మాండ్లు ట్రాక్టరు తీసుకొచ్చి, మా ఇద్దరినీ చూసి, పొలం చివర కాసేపు ఆపాడు. లింగవ్వ కాయలున్న తీగలను ఇంకో మోపు కోసి నెత్తిన పెట్టుకుంది. తర్వాత ఆయన దున్నాడు. చూడలేనని పక్కకు తిరగాలనిపించింది, కానీ నిలబడే చూశాను. నా మాటతో జరిగిన పని నేను చూడాలి. పచ్చిక తిరగబడి నల్లగా అయిపోవడానికి ఎంతోసేపు పట్టలేదు. రాయి దగ్గర మాత్రం యంత్రం దూరలేదు, చుట్టూ మూరెడు మేర వదిలేశాడు. అందులో తీగలు రెండు మూడు నిలిచాయి. రాయి పీకాలంటే వేరే మిషను తేవాలి, ఇప్పట్లో తేనన్నాడు. అది నాకోసం అన్నాడో, ఖర్చు చూసుకుని అన్నాడో అడగలేదు.

ఇంటి వెనక బర్రె మోపంతా తినేసింది. ఒడిలోని కాయలను లింగవ్వ తవుడులో కలిపి పెట్టింది. పేడను ఎరువు దిబ్బలో వేయకూడదట, దిబ్బ వేడికి గింజ చచ్చిపోతుందట. విడిగా తట్టకెత్తి కాలువ గట్టు పొడుగునా వేస్తానంది. ఆ గట్టు ఎవరి పొలమూ కాదు, దున్నేవాళ్లు లేరు. వానకు అక్కడ నీళ్లు కూడా నిలుస్తాయి. అన్నీ ఆలోచించుకునే ఉంది. గంగారాం వచ్చి ఆటో హారన్ కొట్టేసరికి నాకు ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. పెడితే తిట్టింది.

కాకినాడ

ఇంటికొచ్చాక రాయి పక్కన తెంపిన ఒక కొమ్మను కాగితాల మధ్య అదిమి, ఎండబెట్టి, మాస్టారి అట్ట పక్కన కొత్త అట్ట మీద అంటించాను. నా తర్వాత ఈ తాళాలు ఎవరి కొంగుకు చేరతాయో తెలియదు. వాళ్లు నాలా రెండేళ్లు పోగొట్టుకోకుండా, ఏడో మైలు అంటే డాంబరు రోడ్డు మీద కాదు, ఫ్యాక్టరీ కాంటా నుంచి బండ్ల బాట వెంట అని ముందుగా రాశాను. సేకరించినవారు అన్న చోట లింగవ్వ పేరు మొదట, నా పేరు తర్వాత.

గింజల పొట్లం తక్కువుందని ఆఫీసు వాళ్లు మొదట సణిగారు. ఇంకెక్కడా దొరకదని మూడు ఉత్తరాలు రాశాక తీసుకున్నారు. ఫారంలో, ఉందా లేదా అన్న గడిలో 'ఉంది' అని రాశాను.

కింద ఆవాసం అని ఇంకో గడి ఉంది. మామూలుగా అక్కడ అడవి, పచ్చిక, పొలం గట్టు అని ఏదో ఒకటి రాస్తాం. నేను 'ఒక రాయి చుట్టూ మూరెడు నేల; లింగవ్వ బర్రె పేడ పడిన కాలువ గట్టు' అని రాసి పంపాను. వారం తిరక్కుండా అక్కడి ఉద్యోగి ఒకాయన ఫోన్ చేశారు. చాలా మర్యాదగా, మేడం, ఆ గడిలో పొరపాటున బర్రె అని పడింది, దిద్దమంటారా అని అడిగారు.

దిద్దవద్దన్నాను. వానాకాలం మధ్యలో ఒకసారి బోధన్ వచ్చి, ఆ బర్రె వెనకే నడిచి చూసుకోమన్నాను. నేనైతే వెళ్తున్నాను. అప్పటికి రిటైరై ఉంటాను కాబట్టి సెలవు అడగాల్సిన పని కూడా లేదు, లింగవ్వ చెప్పులు తిరిగి ఇచ్చేయాలి.